పదకొండో గుల్ల

నా చిన్నప్పుడు, లెక్క ప్రకారం చెప్పాలంటే 1968 భాద్రపదంలో నాకు పదేళ్ళ నాలుగు నెలలు నిండినప్పుడు, మా ఇంట్లో ముప్పై ఆరు ఇత్తడి గుల్లలు ఉండేవి. ముప్పై ఆరని గట్టిగా చెప్పగలను, వాటిని లెక్కపెట్టే పని నాదే కనుక. అవి తుపాకి తూటాల ఖాళీ గుల్లలు. తూటా పేలితే గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ఇత్తడి గుల్ల మాత్రం చేతికి తిరిగి వస్తుంది. మా తాతయ్య వాటిని పారేయకుండా మళ్ళీ మళ్ళీ నింపుకునేవాడు.

మా తాతయ్య గోదావరి ఒడ్డున ఉన్న మా పాత ఊరికి పోలీస్ పటేలు. పంట కాపాడుకోవడానికి ఆయన దగ్గర ఒక రైఫిలు, దానికి లైసెన్సు ఉండేవి. కొత్త తూటాలు కావాలంటే బస్సెక్కి పెద్ద ఊరికి పోవాలి. పోయినా లైసెన్సు పుస్తకంలో రాసినన్నే ఇచ్చేవారు, ఒక్కోసారి అవీ ఉండేవి కావు. అందుకే గుల్లలంటే ఆయనకు ప్రాణం. మా భూమిలో సగానికి పైగా బొగ్గుబావి కిందికి పోగా రెండెకరాల ఐదు గుంటలు మిగిలింది. మా నాన్నకు బావిలో ఉద్యోగం వచ్చి గోదావరిఖని క్వార్టర్లలోకి మారాక తాతయ్య కూడా మాతోనే ఉంటూ, రోజూ రెండు మైళ్ళు నడిచి చేనుకు పోయి వచ్చేవాడు. ఆ ఏడు మక్క, అంటే మొక్కజొన్న, వేశాడు. కంకి పాలు పోసుకుంటున్న సమయంలో అడవి పందులు దిగి రెండు రాత్రుల్లో పద్నాలుగు గుంటలు కూలగొట్టాయి. ఇంకో నాలుగు రాత్రులు అట్లాగే వస్తే చేను మొత్తం పోతుందని తాతయ్య లెక్క కట్టాడు. నేను పలక మీద వేసి చూశాను. ఆరు రాత్రులకు నలభై రెండు గుంటలు. ఎకరానికి నలభై గుంటల చొప్పున చేను ఎనభై ఐదు గుంటలు. మొత్తం పోదు, సగం పోతుంది. ఆ మాట ఆయనతో అనలేదు.

పేలిన గుల్ల కొద్దిగా ఉబ్బుతుంది. ఉబ్బిన గుల్ల మళ్ళీ తుపాకిలోకి సులువుగా దూరదు, అందుకని దాన్ని ముందు పాత కొలతకు తేవాలి. ఆ పనికి మా దగ్గర ఒక ఉక్కు అచ్చు ఉండేది. గుల్లకు కొంచెం నూనె రాసి, అచ్చులో పెట్టి, చెక్క సుత్తితో లోపలికి కొట్టాలి. అడుగున వేలి మందం భాగం అచ్చు బయటే ఉండిపోతుంది. తర్వాత ఒక చువ్వతో అవతలి నుంచి తోస్తే గుల్ల సన్నబడి బయటికి వస్తుంది. ఆ అచ్చు చేసిచ్చింది పక్క క్వార్టరులో ఉండే మిస్త్రీ తాత. ఆయన కొత్తగూడెంలో ఖరాదు మీద, అంటే ఇనుము చెక్కే మిషను మీద, ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, దిగిపోయాక కొడుకు దగ్గరికి వచ్చాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. ఇనుమునూ ఇత్తడినీ వేలితో తడిమి కొలత చెప్పగలడు కానీ, ఆ మిషన్ల మోతకు చెవులు సగం పోయాయి. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పాలి.

ఏడాదికోసారి మిస్త్రీ తాతే ఆ గుల్లల మూతులకు నిప్పు చూపించేవాడు. పదేపదే ఉబ్బీ సన్నబడీ మూతి పెళుసెక్కి చీలుతుందట, వేడి చూపితే మెత్తబడుతుందట. అడుగు వైపు రెండు వేళ్ళతో పట్టుకుని, మూతిని దీపం మంటలో తిప్పుతూ, వేళ్ళకు వేడి తగలగానే నీళ్ళలో వదిలేసేవాడు. చుయ్‌మని చప్పుడు. ఆ చప్పుడు వినడానికి నేను ఆయన ముందు గొంతుక్కూర్చునేదాన్ని. నేను చూసింది మంట, నీళ్ళు, చుయ్‌మనడం. ఆయన అడుగును వేళ్ళతోనే ఎందుకు పట్టుకుంటాడో, పట్కారు ఎందుకు వాడడో నాకు తట్టలేదు. అడగనూ లేదు.

ఆ బుధవారం ఉదయం తాతయ్య ముప్పై ఆరు గుల్లలూ నాకిచ్చి, చింతపండు నీళ్ళలో కడిగి ఆరబెట్టమని చెప్పి చేనుకు పోయాడు. మరునాడు అచ్చులో కొట్టి, శనివారానికి నింపుకోవాలని ఆయన ఆత్రం. మామూలుగా అయితే ఎండలో గోనెసంచి మీద ఆరబెట్టేదాన్ని. ఆ రోజు పొద్దున్నుంచి ముసురు. వానాకాలంలో మా వరుస క్వార్టర్లలో తడిసినదేదైనా సిగిడి మీదే ఆరేది. సిగిడి అంటే ఇనుప రేకుతో చేసిన బొగ్గుల పొయ్యి. బొగ్గుకు కొదవ లేని ఊరు కనుక అది రోజంతా మండుతూనే ఉండేది. దాని మీద ఇనుప జాలీ వేసి బడి పుస్తకాలు, మిరపకాయలు, మా నాన్న డ్యూటీ బూట్లు, చంటిపిల్లల గుడ్డలు అన్నీ ఆరబెట్టేవాళ్ళం. నేనూ జాలీ వేసి, దాని మీద పట్టినన్ని గుల్లలు నిలబెట్టాను. పదకొండు పట్టాయి. మిగతా ఇరవై ఐదు పళ్ళెంలో ఉన్నాయి.

అంతలో వాన పెద్దదైంది. మా అమ్మ నల్లా దగ్గర నీళ్ళ కోసం వరుసలో నిలబడింది. వసారాలో ఉన్న బట్టలు జల్లుకు తడుస్తుంటే తీసి లోపలికి తెచ్చి మడతపెట్టాను. తొమ్మిది బట్టలు. అందులో ఒకటి మా అమ్మ చీర. తిరిగి వచ్చి చూస్తే బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి, జాలీ కూడా ఎర్రబడింది. గుల్లల మీద రంగులు తేలాయి. నెమలి కంఠం రంగు, వంకాయ రంగు, అడుగు దగ్గర ఎర్రని జాడ. పట్కారుతో ఒక్కొక్కటే తీసి నీళ్ళలో వేశాను. పదకొండు సార్లు చుయ్‌మంది.

భయమేసింది, కానీ మిస్త్రీ తాత కూడా నిప్పు చూపిస్తాడు కదా అని సర్దిచెప్పుకున్నాను. నా భయమంతా ఆ రంగు చూసి తాతయ్య ఏమంటాడోనని. చింతపండు, బూడిద కలిపి ఆ పదకొండింటినీ మళ్ళీ తోమాను. గోళ్ళు నొప్పెట్టే దాకా తోమాను. రంగు మొత్తం పోయి కొత్త చెంబులా మెరిశాయి. ఇరవై ఐదింటినీ గుడ్డతో తుడిచి, అన్నీ ఒకే డబ్బాలో కలిపేశాను.

గురువారం తాతయ్య వసారాలో కూర్చుని అచ్చులో కొట్టాడు. నేను నూనె రాసి అందించాను. ముప్పై ఆరూ అయ్యాక, ఖాళీ గుల్లలను తుపాకిలో పెట్టి బోల్టు మూసి చూడడం మొదలుపెట్టాడు. మొదటి రెండూ కూర్చున్నాయి. మూడోది కూర్చోలేదు, బోల్టు సగంలో ఆగిపోయింది. నాలుగు, ఐదు కూర్చున్నాయి. ఆరోది ఆగింది. తొమ్మిది చూస్తే నాలుగు ఆగాయి. ఆయన ముఖం ఎర్రబడింది. అచ్చు చేత్తో పట్టుకుని నేరుగా మిస్త్రీ తాత అరుగు దగ్గరికి పోయాడు. నేను వెనకే పోయాను.

"మిస్త్రీ! నీ అచ్చు ముసలిదైంది, అచ్చం నీ తీరుగనే" అని గట్టిగా అన్నాడు.

మిస్త్రీ తాత బీడీ పక్కన పెట్టాడు. "అచ్చుకు పండ్లున్నయా పటేల్‌సాబ్, ఊడిపోనీకి? ఏమైందో చెప్పు."

"తొమ్మిదిల నాలుగు పడ్తలేవు. లోపల అరిగి వంకర పోయింది. శనారం నాటికి నేను తూటాలెట్ల జేసుకోవాలె? పందులకు నీ ఖరాదు కతలు చెప్పాల్నా?"

"తుపాకి, ఖోకాలు తీస్కొని రా. సూద్దాం."

"నలభై ఏండ్ల సంది తుపాకి పడుతున్న. నాకు నువ్వు సూపిచ్చుడేంది?" అని తాతయ్య అచ్చును అరుగు మీద పెట్టేసి వచ్చేశాడు.

ఖోకాలంటే మిస్త్రీ తాత భాషలో ఖాళీ గుల్లలు. ఆయన అచ్చును ఎత్తి, వెలుతురుకు పట్టి, లోపల చిటికెన వేలు పెట్టి తిప్పి చూసుకున్నాడు. ఆ ముప్పై నాలుగేళ్ళలో ఆయన చేసిన వస్తువును ఎవరూ తప్పు పట్టలేదని మా అమ్మకు చెప్పిందట వాళ్ళ కోడలు. నాకు అక్కడే నిలబడి నోరు తెరవాలనిపించింది. తెరవలేదు.

శుక్రవారం పొద్దున తాతయ్య బజారు నుంచి ఉప్పు కాగితం తెచ్చాడు, ఇనుము రుద్దే గరుకు కాగితం అన్నమాట. దూరని గుల్లల అడుగు దగ్గర చుట్టూ రుద్దుతూ కూర్చున్నాడు. పసుపులాంటి ఇత్తడి పొడి ధోతి మీద రాలింది. మధ్యాహ్నానికల్లా మూడు గుల్లలు తుపాకిలోకి దూరాయి. "గింతే గదా" అని మా అమ్మతో అని నవ్వాడు. అది చూసి నాకూ ప్రాణం లేచి వచ్చింది. అన్నీ రుద్దితే అన్నీ దూరుతాయి, నా సంగతి ఎవరికీ తెలియనవసరం లేదు.

మసీదు నుంచి తిరిగి వస్తూ మిస్త్రీ తాత మా వాకిట్లో ఆగాడు. తాతయ్య వేళ్ళకున్న పసుపు పొడి చూశాడు, కాగితం చూశాడు. ఆయన ముఖంలో అంతకు ముందెప్పుడూ చూడని గాభరా కనిపించింది.

"పటేల్‌సాబ్, ఆపు. ఒక్క గంట నాకియ్యి. తప్పు నా అచ్చుదైతే నా చేతులతోనే దాన్ని గోదాట్ల పారేస్త. మళ్ళ నీకు మొకం సూపియ్య."

తాతయ్య ఒక క్షణం చూసి, చాప మీద జరిగి చోటిచ్చాడు. తుపాకి మాత్రం తన చేతిలోనే ఉంచుకున్నాడు. లైసెన్సు తుపాకిని ఆయన మరొకరి చేతికిచ్చేవాడు కాదు.

మిస్త్రీ తాత మా ఇంటి కిరసనాయిలు బుడ్డి వెలిగించమన్నాడు. పట్టపగలు దీపమేమిటని మా అమ్మ తొంగిచూసింది. దూరని గుల్ల ఒకటి తీసుకుని, మంట పైన పొగలో తిప్పాడు. గుల్ల మొత్తం నల్లగా మసి పట్టింది. దాన్ని తాతయ్య చేతికిచ్చి తుపాకిలో పెట్టి, పోయినంత దూరం తోసి, తీయమన్నాడు. తీసి చూస్తే అడుగుకు కొంచెం పైన చుట్టూ ఉంగరంలా మసి పోయి ఇత్తడి బయటపడింది. మిగతా చోటంతా మసి అలాగే ఉంది. అంటే అది పట్టేస్తున్నది అక్కడే. తర్వాత సరిగా దూరిన గుల్ల ఒకదానికి మసి పట్టించాడు. దాని మీద ఉంగరం లేదు.

"ఇగో, ఉబ్బింది అడుగుకాడ. అచ్చు బయట ఉండే జాగ అది. నా అచ్చు దాన్ని ముట్టనే ముట్టది" అన్నాడు మిస్త్రీ తాత.

"లోపల ఇరుకైంది కాబట్టె గట్టిగ కొట్టాల్సొచ్చింది. గట్టిగ కొడ్తె అడుగు ఉబ్బింది" అన్నాడు తాతయ్య. ఆయనా తక్కువవాడు కాదు.

"అచ్ఛా. అట్లయితే అన్నిట్కి ఉబ్బాలె గద? అన్ని గదే అచ్చుల పోయినయి, గదే సుత్తె, గదే చెయ్యి. కొన్ని ఉబ్బుడేంది, కొన్ని ఉబ్బకపోవుడేంది? అచ్చు ఒక్కటే పటేల్‌సాబ్. ఖోకాలే రెండు తీర్లున్నయి."

తాతయ్య మళ్ళీ రెండింటికి మసి పట్టించి తనే చూసుకున్నాడు. అప్పటికే రెండు దాటింది, అన్నం తినలేదు. పటేలు కింద పనిచేసే ఊరి తలారి ఏదో కాగితం మీద వేలిముద్ర పంచాయతీతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తాతయ్య తుపాకిని లోపల పెట్టెలో పెట్టి తాళం వేసి, "నువ్వే తేల్చు, నేను తిని పంటా" అని తలారితో మాట్లాడుకుంటూ పెరట్లోకి పోయాడు.

మిస్త్రీ తాత నన్ను పిలిచాడు. గుల్లల డబ్బా తీసుకుని మా గడప ముందున్న రాతి బండ దగ్గర కూర్చున్నాడు.

"ఇటు రా బిడ్డా. నా చెవులు ఖరాదు తిన్నది. ఇయ్యాల నీ చెవులు నాకియ్యి. ఒక్కొక్కటి జానెడు ఎత్తు నుంచి బండ మీద ఇడువు. సుత్తె దెబ్బకు అడుగు ఉబ్బిందంటె ఇత్తడి మెత్త వడ్డట్టే. గట్టి ఇత్తడి గంట లెక్క మోగుతది. మెత్త వడ్డది మోగది, టప్పుమంటది. మోగింది ఇటు, మోగంది అటు. నువ్వు చెప్పు, నేను పెడ్త."

"మెత్తగయితె ఏమైతది?" అని అడిగాను.

ఆయన ఒక గుల్లను నిలువుగా పట్టుకుని చూపించాడు. "మందు అంటుకుంటె లోపల ఎంత బలం వుడుతది ఎర్కేనా? మూతి దిక్కు తోవ వుంటది. అడుగు గట్టిగుంటె ఆ బలం ముందటికే పోతది. అడుగు మెత్తగుంటె, దాన్ని మీదికెళ్ళి ఉప్పుకాయితం వెట్టి పల్చగ గీకితె, అది పల్గి ఎనకకొస్తది. తుపాకి కాలుస్తుంటె ఎనక ఏముంటది?"

తాతయ్య గురి చూడడం నేను చాలాసార్లు చూశాను. కుడి చెంప కర్రకు ఆనించి, ఎడమ కన్ను మూసి.

"తాత కన్ను" అన్నాను.

"ఆఁ" అన్నాడు.

మొదటి గుల్ల విడిచాను. ఖంగుమంది. "మోగింది" అన్నాను. రెండోదీ మోగింది. మూడోది టప్పుమంది. చెప్పాలంటే నోరు రాలేదు. మోగలేదని చెబితే ఎందుకు మోగలేదని అడుగుతారు, ఎవరు చేశారని అడుగుతారు. "మోగింది" అన్నాను. ఆయన మారుమాట లేకుండా దాన్ని మోగిన కుప్పలో పెట్టాడు.

ఆ తర్వాత అబద్ధం ఆడలేకపోయాను. మోగింది, మోగలేదు, మోగింది, మోగింది, మోగలేదు. నిజమే చెప్పాను. కానీ నోరు నిజం చెబుతున్నంతసేపూ నా కళ్ళు మోగిన కుప్ప మీదే ఉన్నాయి. కుప్ప పెరిగే కొద్దీ ఆ ఒక్కటి ఎక్కడుందో తెలియకుండా పోయింది. అన్నీ ఒకే తీరుగా మెరుస్తున్నాయి. అట్లా మెరిసేలా తోమింది నేనే.

ముప్పై ఆరూ అయిపోయాయి. మిస్త్రీ తాత అటు కుప్ప లెక్కపెట్టాడు. "పది" అన్నాడు. "ఇరవై ఆరు మంచియి. పటేల్‌సాబ్‌కు ఇరవై ఆరు చాలు." రెండు దోసిళ్ళతో మంచి కుప్పను ఎత్తి డబ్బాలో పోయబోయాడు.

"పదకొండు" అన్నాను.

"పదే బిడ్డా. లెక్కవెట్టిన గద."

"పదకొండు తాతా. ఒకటి ఇటు పోయింది. నేనే మోగిందన్న."

ఆయన దోసిలి కిందికి దించాడు. ఎన్నని నీకెట్లా తెలుసు అని అడగలేదు. అడిగి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది. నేనే చెప్పాల్సి వచ్చింది, ముసురు నుంచి చింతపండు దాకా, జాలీ మీద ఎన్ని పట్టాయో, ఎన్ని బట్టలు మడతపెట్టానో అంతా. చెబుతుంటే ఏడుపు వచ్చింది, కానీ అంకెలు తప్పలేదు.

విని, "ముందుగాల ఆ పదకొండోదాన్ని దొరకవట్టు" అన్నాడు.

ఇరవై ఆరింటినీ మళ్ళీ ఒక్కొక్కటే విడిచాను. పంతొమ్మిదోసారి టప్పుమంది. దాన్ని తీసి నేనే అటు పెట్టాను. అప్పుడు చూశాను, మిస్త్రీ తాత ఎడమ అరచేయి బండ మీద ఆనించి ఉంది. మొదటి నుంచీ అక్కడే ఉంది. మోగిన గుల్లకు బండ అదిరే తీరు వేరు, మోగని దానికి వేరు. ముప్పై నాలుగేళ్ళు మిషన్ల మీద చేయి ఆనించి వాటి జబ్బు చెప్పినవాడికి నా చెవులతో ఏం పని? మూడో గుల్ల దగ్గర ఆయనకు తెలిసే ఉంటుంది. నేను నోరు విప్పకపోతే ఆ దోసిలి డబ్బా దాకా పోయేదని ఇప్పటికీ నేను అనుకోను. కానీ ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు.

"మంటల వెట్టినందుకు నాకు కోపం లేదు" అన్నాడు చివరికి. "కొలువుల చేరిన కొత్తల నేను గూడ గట్లనే చేసిన. వేళ్ళతోని పట్టుకునేది అందుకే. అడుగుకు వేడి పోతుందంటె ముందుగాల నా వేళ్ళు కాలుతయి. నీకు చెప్పకపోవుడు నా తప్పు. గని తోమినవు సూడు బిడ్డా, దానికున్నది కోపం. ఆ రంగుంటె నేను నిన్ననే సూసి చెప్తును. పటేల్‌సాబ్ గూడ కనిపెట్టును. రంగు తోముడంటె మా అందరి కండ్లు మూసుడే."

తర్వాత ఆయన లేచి వాళ్ళ అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. తాతయ్యకు నువ్వే చెప్పు అని కూడా అనలేదు. పదకొండు గుల్లలూ బండ మీదే వదిలి వెళ్ళాడు.

తాతయ్య నిద్ర లేచి ముఖం కడుక్కుని వచ్చేసరికి నాలుగు దాటింది. నేను గుల్లలను కొంగులో పోసుకున్నట్టు పరికిణీలో పోసుకుని ఎదురుగా నిలబడి చెప్పాను. ఆయన కోపిష్ఠి. ఊళ్ళో దొంగలను చింత బరికెతో అదరగొట్టినవాడు. నన్ను కొడతాడనుకున్నాను. ఆయన ప్రశ్నలు వేశాడు. ఏ రోజు? ఎన్ని? ఎంతసేపు? అడుగు ఎర్రబడిందా? మళ్ళా తోమింది ఎవరు? అన్నిటికీ జవాబు చెప్పాను. తాను రుద్దిన మూడు గుల్లలను ఏరి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. ఒకదాన్ని బొటనవేలితో నొక్కితే మూతి లొంగిపోయింది. అప్పుడు ఆయన కుడి చెంప మీద, తుపాకి కర్ర ఆనే చోట, చేయి పెట్టుకున్నాడు.

ఆ తర్వాత నన్ను వెంటబెట్టుకుని పక్కింటి అరుగు దగ్గరికి నడిచాడు.

"మిస్త్రీ, ఇనుప సుత్తె ఉన్నదా?"

"నా నెత్తి పలగ్గొడ్తవా ఏంది పటేల్‌సాబ్?"

"నీ నెత్తికి ఇనుప సుత్తె గూడ చాలది. ఈ పదకొండు నలగ్గొట్టాలె. డబ్బాల ఉంటె ఎప్పుడో ఓసారి మరిచిపోయి నింపుకుంటా" అని, కొంచెం ఆగి, అరుగు మీద ఉన్న అచ్చును తన తువాలుతో తుడిచి చేతిలోకి తీసుకున్నాడు. "నిన్న నోరు జారిన. మనసుల పెట్టుకోకు."

"పెట్టుకుంట. బరాబర్ పెట్టుకుంట. ఇంటెడు మక్క కంకులు పంపినంక తీసేస్త" అన్నాడు మిస్త్రీ తాత. తాతయ్య పకపకా నవ్వాడు.

సుత్తి నా చేతికిచ్చారు. పదకొండు గుల్లలనూ ఒక్కొక్కటే రాతి మీద పెట్టి, ఇక ఎవరూ నింపలేనట్టు చదును చేశాను. మెత్తబడ్డ ఇత్తడి కదా, రెండు దెబ్బలకే రేకులా అణిగిపోయేది. పల్చబడ్డ ఆ మూడూ ఒక్క దెబ్బకే అణిగాయి. అది చూశాక నాకు చాలా రోజులు అన్నం సహించలేదు.

శనివారం తాతయ్య మిగిలిన ఇరవై ఐదింటినీ నింపుకున్నాడు. మందు నింపేటప్పుడు ఎప్పటిలాగే తలుపు వేసుకున్నాడు కాబట్టి ఆ పని గురించి నాకు తెలియదు. ఆ పంట కోతకు వచ్చే వరకు తొమ్మిది తూటాలు కాల్చాడు. తొమ్మిది గుల్లలూ ఇంటికి తిరిగి వచ్చాయి. తూటా కాల్చిన ప్రతిసారీ గుల్ల అడుగున గోరుకు తగిలేంత సన్నని గీత ఒకటి గీయమని మిస్త్రీ తాత నాకు ఆకురాయి ముక్క ఇచ్చాడు, ఏ గుల్ల ఎన్నిసార్లు పేలిందో దాని మీదే ఉండాలని. మక్క కంకులు వాళ్ళింటికి రెండు గంపలు పోయాయి. కొన్నేళ్ళకు వేట మీద చట్టాలు గట్టిపడ్డాయి, తాతయ్య చూపు కూడా తగ్గింది. తుపాకిని ఆయనే ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు. చూపు తగ్గింది ముసలితనం వల్ల. చివరి దాకా రెండు కళ్ళూ ఉన్నాయి.

పెద్దయ్యాక నేను ఒక దవాఖానలో మందుల గది రిజిస్టరు రాసే ఉద్యోగంలో చేరి ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను. అంకె తప్పు పడితే రబ్బరుతో చెరపడం, బ్లేడుతో గీకడం, కాగితం చించి కొత్తగా రాయడం మా గదిలో మామూలు. నేను ఒక్కసారి కూడా చేయలేదు. తప్పు అంకె మీద ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టేదాన్ని. చూడ్డానికి పేజీ బాగుండదని పైవాళ్ళు నాలుగైదుసార్లు అన్నారు. బాగుండదు, నిజమే.

పోయిన నెల, డాక్టరు కోసం నేను రోజూ ఇంట్లో చూసుకుని రాసే రక్తపోటు కాగితంలో ఒక రోజు అంకె మరీ ఎక్కువ వచ్చింది. మిషను తప్పనుకుని దాని మీద గీత కొట్టి, ఇంకోసారి చూసి తక్కువ అంకె రాశాను. మా మనవరాలు పేజీ పాడైందని, తానే అందంగా మళ్ళీ రాసిస్తానని కూర్చుంది. వద్దని కాగితం లాక్కున్నాను. డాక్టరు వరుసగా అంకెలు చూస్తూ వచ్చి, కొట్టేసిన అంకె దగ్గర వేలు ఆపాడు. ఆ రోజు ఏమైందని అడిగాడు. అక్కడి నుంచి అడుగుతూ పోయి, నేను మూడు రోజులు మాత్ర వేసుకోలేదని రాబట్టాడు. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గీత కింద అంకె చదవడానికి వీలుగా ఉంది కనుక చెప్పాల్సి వచ్చింది, చెప్పాను.